తేరుకి పోదాం, సరే – ఎవరెవరం?

సంక్రాంతి పోయి శివరాత్రి దగ్గరపడే రోజుల్లో అనంతపురం పీఠభూమి పల్లెల్లో ఒక మాట మొదలవుతుంది: "ఈ యేడు కదిరి తేరుకి పోదామా?" సంఘం మీటింగుల్లో పొదుపు లెక్కలు అయిపోయి, పుస్తకాలు మూసి, అందరూ లేవబోతుండగా ఎవరో ఒకరు ఈ మాట ఎత్తుతారు. అందరం కలిసి పోదామని కొందరంటారు. హక్కుల కోసం పనిచేసే సంఘానికి దేవుడి తేరుతో ఏం పని అని మరికొందరు, ముఖ్యంగా మన కార్యకర్తలే, అడుగుతారు. ఇది తేలిగ్గా తీసేయగలిగిన ప్రశ్న కాదు. అందుకే ఈ సంచిక సంపాదకీయంలో దీన్ని చర్చకు పెడుతున్నాం.

కదిరి లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాలు ఏటా ఫాల్గుణ మాసంలో జరుగుతాయి. పున్నమి దాటాక వచ్చే రథోత్సవం నాడు జనం ఇసుక వేస్తే రాలనంతగా ఉంటారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడగొట్టినప్పుడు కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. కాని తేరుకి నడిచే కాళ్ళకి ఆ గీత తెలియదు. అనంతపురం పల్లెల నుంచి, కడప వైపు నుంచి, సరిహద్దు దాటి కర్ణాటక ఊళ్ళ నుంచి జనం వస్తారు. పెద్ద కొయ్య తేరుని మోకులు పట్టి లాగుతుంటే దవనం, మిరియాలు, పళ్ళు దాని మీదికి విసిరి మొక్కులు తీర్చుకుంటారు. కదిరి ముస్లింలు కూడా ఈ ఉత్సవాల్లో స్వామిని చూడడానికి వస్తారు. ఈ కాలంలో మరీ గుర్తు పెట్టుకోవలసిన సంగతి ఇది.

ఈ జనంలో సగానికి సగం స్త్రీలే. వాళ్ళెవరో మనకు తెలుసు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే నేల మీద వేరుశనగ పీకిన చేతులు, కట్ట మీద మట్టి మోసిన నడుములు. వానలు తప్పిన యేడు మగవాళ్ళు బెంగుళూరుకో కేరళకో పోతే ముసలివాళ్ళనీ, పిల్లల్నీ, గొడ్డునీ, అప్పులవాళ్ళనీ సంబాళించుకునేది వీళ్ళే. పనికి పోవాలంటే ఎవరినీ అడగక్కర్లేని ఈ స్త్రీలు, పని లేకుండా ఊరు దాటాలంటే మాత్రం ఇంట్లో ఒక్కొక్కరినీ అడగాలి. పుట్టింటికి పోవడానికి కూడా సందర్భం కావాలి. "ఊరికే తిరిగొస్తా" అనే మాట మగవాడికి ఉంది, ఆడదానికి లేదు. ఆడదానికి దొరికే నాలుగైదు సాకుల్లో దేవుడు ఒకడు. "మొక్కు ఉంది" అంటే అత్త కూడా కాదనలేదు. తేరు నాడు స్త్రీలు మొక్కుతో పాటు ఇంకా చాలా తెచ్చుకుంటారు. ఏళ్ళ తరబడి చూడని చిన్ననాటి స్నేహితురాలు కనబడుతుంది. వేరే ఊరికి ఇచ్చిన చెల్లెలు మాట్లాడడానికి దొరుకుతుంది. పిల్లతో పాటు తనూ ఒక గాజుల జత తొడిగించుకుంటుంది. ఒక పూట పొయ్యి ముట్టించకుండా ఎవరో వండింది తింటుంది.

కనుక "తేరుతో మనకేం పని" అనే వాళ్ళకి మా మొదటి జవాబు ఇది. స్త్రీలు వేలాదిగా ఇల్లు విడిచి రోడ్డు మీదికి వచ్చే రోజు ఈ ప్రాంతంలో ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? ఆ రోజు వాళ్ళు ఎలా వస్తున్నారు, ఎలా తిరిగి వెళ్తున్నారు, ఎవరు రాలేకపోతున్నారు అని అడగడం స్త్రీల హక్కుల సంఘం చేయవలసిన పనే. దేవుణ్ణి నమ్మాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకుంటారు. మన సంఘాల్లో నమ్మేవాళ్ళూ ఉన్నారు, నమ్మనివాళ్ళూ ఉన్నారు, ఏసుని నమ్మేవాళ్ళూ, అల్లాని నమ్మేవాళ్ళూ ఉన్నారు. సంఘం ఎవరినీ తేరుకి రమ్మని పిలవదు, పోవద్దని ఆపదు. కాని పోయే స్త్రీ పక్కన నిలబడుతుంది. భక్తిని ఎగతాళి చేసి స్త్రీలకు దూరమైన ఉద్యమాలను మనం చూశాం. భక్తి పేరుతో జరిగే ప్రతిదానికీ తలూపి స్త్రీలను వదిలేసిన సంస్థలనూ చూశాం. ఈ రెండూ మనకు వద్దు.

అయితే కలిసి పోదాం అనేముందు, "కలిసి" అంటే ఎవరెవరం అని అడగాలి. ప్రయాణం పేర్లు రాసుకునేటప్పుడు ఎవరి పేరు పడలేదో చూస్తే మన ఊళ్ళ నిజ స్వరూపం అర్థమవుతుంది.

దేవుడు ఎందుకు తేరెక్కి వీధిలోకి వస్తాడు అని అడిగితే పెద్దవాళ్ళు చెప్పే జవాబు ఒకటుంది: గుడిలోకి రాలేని వాళ్ళకి దర్శనం ఇవ్వడానికి. రాలేని వాళ్ళు అన్న మాటలో ముసలివాళ్ళు, రోగులు మాత్రమే లేరు. రానివ్వని వాళ్ళు కూడా ఉన్నారు. అంటే తేరు అనే ఏర్పాటులోనే ఒక ఒప్పుకోలు ఉంది. గుడి గోడ కొందరిని బయట ఉంచుతోంది, వాళ్ళకీ దేవుడి మీద హక్కు ఉంది అని. కాని ఆ తేరు నడిచేది నాలుగు తేరు వీధుల్లోనే. అది ఊళ్ళో పెద్దకులాల ఇళ్ళ ముందు నుంచి తిరిగి మళ్ళీ గుడి దగ్గరికే వస్తుంది. దళితవాడలోకి తేరు తిరిగిన ఊళ్ళెన్ని? ప్రతి ఊరి సంఘమూ తన ఊరి గురించి తనే జవాబు చెప్పుకోవాలి.

అనంతపురం జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో, 1947లో, రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి అన్ని కులాల హిందువులకూ ఆలయాల తలుపులు తెరిచిన ఆలయ ప్రవేశ చట్టం. రెండోది దేవదాసీలుగా ఆడపిల్లల్ని అంకితం చేయడాన్ని నిషేధించిన చట్టం. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1930లో శాసనమండలిలో బిల్లు తెచ్చిన నాటి నుంచి పదిహేడేళ్ళు పట్టింది ఈ రెండో చట్టానికి. ఇందులో ఒక విషయం చాలామందికి తెలియదు. గుడిలో గాని, దేవుడి ఊరేగింపులో గాని స్త్రీ నాట్యం చెయ్యడమే చట్టవిరుద్ధమని అది ప్రకటించింది. అప్పటిదాకా దేవుడి ఊరేగింపులో హారతి పట్టి, ఆడిపాడిన స్త్రీలు ఉన్నారు. అంకితాన్ని ఆపడం అవసరం. అందులో అనుమానం లేదు. కాని పిల్లల్ని అంకితం చేసిన వ్యవస్థ మీద ఎంత దెబ్బ పడిందో, ఆ స్త్రీల బతుకుతెరువు మీద, కళ మీద అంతకన్నా పెద్ద దెబ్బ పడింది. వాళ్ళకు ఇనాం భూములు పోతే ఏమిటి, పిల్లల చదువు ఏమిటి అని అడిగినవాళ్ళు తక్కువ. ఊరేగింపులో స్త్రీకి ఉన్న ఒక్క చోటూ పోయింది, గౌరవంగా ఇంకో చోటు రాలేదు.

ఇక అంకితం ఆగిందా? మన జిల్లా పడమటి అంచున, బళ్ళారి వైపు పల్లెల్లో, "బసివి" అనే మాట ఇప్పటికీ స్త్రీల నెత్తిన ఉంది. 1988లో ఆంధ్రప్రదేశ్‌లో దేవదాసీ అంకిత నిషేధ చట్టం వచ్చింది. 2015లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు, దళిత, గిరిజన స్త్రీని దేవతకి అంకితం చెయ్యడాన్ని ప్రత్యేకంగా ఒక నేరంగా చేర్చారు. అంకితమైన వాళ్ళందరూ దాదాపుగా దళిత కులాల వాళ్ళే కావడం అందుకు కారణం. జాతరలో బసివిని ముందు నడవమని పిలుస్తారు. జాతర అయిన మర్నాడు ఆమె కొడుకుని బడిలో తండ్రి పేరు అడుగుతారు. తేరుకి కలిసి పోదాం అనే మన పిలుపులో ఆమె ఉందా? ఉంటే, దేవుడి మనిషిగా కాక సంఘం సభ్యురాలిగా ఉందా?

దళిత స్త్రీల సంగతికి వద్దాం. గుడి తలుపు చట్టం ప్రకారం తెరిచి దాదాపు ఎనభై ఏళ్ళు కావస్తోంది. కాని మోకు ఎవరు పట్టాలి, తేరుకి ఎంత దూరంలో ఎవరు నిలబడాలి, టెంకాయ ఎవరి చేతిలోంచి ఎవరు తీసుకోవాలి అన్నవి ఏ కాగితం మీదా రాసి లేని నియమాలు. పొరుగున తమిళనాడులో శివగంగ జిల్లా కండదేవిలో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. మాకూ మోకు పట్టే హక్కు ఉందని దళితులు 1990ల చివర్లో అడిగారు. వ్యవహారం కోర్టులకెక్కింది. మోకు అందరికీ ఇవ్వడం కన్నా తేరు ఆగిపోవడమే మేలనుకున్నట్టు, ఏళ్ళ తరబడి అక్కడ తేరు కదల్లేదు. 2024 జూన్‌లో పోలీసు బందోబస్తు మధ్య మళ్ళీ కదిలింది. ఒక తాడు చివర పట్టుకోవడానికి ఒక తరం కాలం పట్టింది.

మన చేతిలో ఉన్న చట్టాన్ని మన కార్యకర్తలందరూ చదవాలి. 2015 సవరణ తర్వాత, 2016 జనవరి 26 నుంచి, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మూడో సెక్షన్‌లో ఈ విషయం స్పష్టంగా ఉంది. అందరికీ తెరిచి ఉన్న గుడిలోకి రాకుండా అడ్డుకోవడమూ నేరమే, ఊరేగింపుల్లో పాల్గొనకుండా అడ్డుకోవడమూ నేరమే. చట్టంలో "జాతర" అన్న మాటనే వాడారు. ఢిల్లీలో రాసిన చట్టంలోకి మన పల్లె మాట వెళ్ళిందంటే, అక్కడ జరిగే అవమానం ఎంత పాతదో ఎంత విస్తారమైందో ఊహించుకోవచ్చు. ఈ సెక్షన్ మన సంఘాల గోడల మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి.

మోకు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఆడవాళ్ళు తేరు లాగలేరు, అంత బలం ఎక్కడిది అంటారు. తిరుమలలో బంగారు రథాన్ని లాగేది స్త్రీలే. అక్కడ అది ఆచారం. అంటే స్త్రీ చెయ్యి తగిలితే తేరు కదలకుండా పోదు, మైలపడదు అని అంత పెద్ద గుడే ఒప్పుకున్నట్టు. కదిరి తేరు చాలా బరువైంది, దానితో పని ప్రమాదకరమైంది. చక్రం కింద కొయ్య దిమ్మెలు పెట్టి దాన్ని ఆపేవాళ్ళూ తిప్పేవాళ్ళూ ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు. రేపే మోకు మాకివ్వండి అని మేం అనడం లేదు. కాని బలం పేరు చెప్పి స్త్రీని, పుట్టుక పేరు చెప్పి దళితుణ్ణి దూరం పెట్టే వాదాలు రెండూ ఒకే చెట్టు కొమ్మలని గుర్తించాలి.

పేర్ల జాబితాలో పడని మూడో స్త్రీ భర్త పోయిన స్త్రీ. ఈ ప్రాంతంలో ఆమె ఒంటరిగా లేదు. 1990ల చివరి నుంచి వేరుశనగ నష్టాలకి, బోరుబావుల అప్పులకి ఎందరు రైతులు పురుగులమందు తాగారో, ఉరి వేసుకున్నారో మనకు తెలుసు. ఆ ఇళ్ళకి వెళ్ళాం, కాగితాలు రాశాం. 2004 జూన్‌లో వచ్చిన 421 నంబరు జీవో కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి యాభై వేలు ఇవ్వమంది. ఆ లక్షన్నర కోసం ఆర్డీవో, పోలీసు, వ్యవసాయ అధికారుల కమిటీ ముందు ఆమె తన భర్త రైతేనని, అతని చావు అప్పు వల్లేనని రుజువు చెయ్యాల్సి వచ్చింది. పట్టా మామ పేరున ఉంటే భర్త రైతు కాడు. కౌలు నోటిమాట అయితే అసలు ఎవరూ కాడు. ఇన్ని ఆఫీసుల మెట్లు ఒంటరిగా ఎక్కిన స్త్రీని, తేరు నాడు తెల్లారి బండి ఎక్కేవాళ్ళకి ఎదురు రావద్దంటారు. ప్రభుత్వం ఆమెను సాక్ష్యం అడిగింది, ఊరు ఆమెను శకునం అంటోంది. పంటను పోగొట్టిన వాన, అప్పు ఇచ్చిన షావుకారు, నకిలీ విత్తనం అమ్మిన దుకాణం ఎవరికీ అపశకునం కావు. నష్టపోయిన మనిషే అపశకునం!

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వస్తుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. తేరుకి వచ్చినవాళ్ళు చాలామంది అక్కడికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న తిమ్మమ్మ మర్రిమానుని కూడా చూసి వెళ్తారు. ఎకరాల కొద్దీ విస్తరించిన ఆ చెట్టు 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. 1434లో భర్త చితిలో సహగమనం చేసిన తిమ్మమ్మ పేరు దానిది. చితికి పాతిన గుంజ చిగిర్చి చెట్టయిందని స్థలపురాణం. పిల్లలు లేనివాళ్ళు అక్కడ మొక్కుకుంటారు. ఆ చెట్టు చల్లదనాన్ని ఎవరూ కాదనరు. కాని భర్తతో పాటు కాలిపోయిన స్త్రీ దేవత అయి, బతికి పిల్లల్ని సాకిన స్త్రీ అపశకునం అయితే, మన కూతుళ్ళకి మనం ఏం నేర్పుతున్నట్టు? రాజస్థాన్‌లో దేవరాలాలో రూప్ కన్వర్‌ని కాల్చిన తర్వాత 1987లో సతిని ఘనంగా కొనియాడడం కూడా నేరమని చట్టం వచ్చింది. ఆ చెట్టు నీడలో కూర్చున్నప్పుడు పిల్లలకి ఈ కథ కూడా చెప్పాలి. భర్త పోయిన మన సభ్యురాలు బండిలో ముందు వరుసలో కూర్చుని, పూలు పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకుని తేరుకి వస్తే, వంద ఉపన్యాసాల కన్నా ఊరికి ఎక్కువ అర్థమవుతుంది.

నాలుగో అడ్డంకి గురించి స్త్రీలు తమలో తాము కూడా గొంతు తగ్గించే మాట్లాడతారు. తేరు రోజు నెలసరి వస్తుందేమోనన్న భయంతో మందుల షాపులో డాక్టరు చీటీ లేకుండా వాయిదా మాత్రలు కొని మింగుతారు. రక్తహీనత ఉన్నవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు, కాళ్ళల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు కూడా మింగుతారు. ఆ మాత్రలు అందరికీ పడవు. వాటిని డాక్టరు సలహా లేకుండా వాడకూడదు. వీధిలో నడిచే తేరుని చూడడానికి శరీరం ఏ స్థితిలో ఉండాలో చెప్పే హక్కు ఎవరికీ లేదని సంఘంలో బాహాటంగా మాట్లాడుకోవాలి. ముట్టు మైల కాదని తెలిసిన వాళ్ళు తెలియని వాళ్ళని తిట్టకుండా మాట్లాడాలి. తీరా రానని ఆమె నిర్ణయించుకుంటే అది ఆమె ఇష్టం. కాని ఆ ఇష్టం కోసం ఆరోగ్యాన్ని తాకట్టు పెట్టకుండా చూడడం మన బాధ్యత.

ఇక వచ్చిన వాళ్ళ మాట. రాలేని వాళ్ళ గురించి ఇంత చెప్పాం గాని, వచ్చిన వాళ్ళందరూ క్షేమంగా ఇంటికి చేరుతున్నారా? ఇటీవలి సంవత్సరాలు మనకు చెప్పే సమాధానం భయంకరంగా ఉంది. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కరాల్లో తొక్కిసలాటలో 27 మందికి పైగా చనిపోయారు, అందులో ఎక్కువమంది స్త్రీలు. 2024 జూలై 2న ఉత్తరప్రదేశ్‌లోని హాథ్రస్‌లో ఒక బాబా సత్సంగంలో 121 మంది చనిపోయారు, దాదాపు అందరూ స్త్రీలే. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ఏకాదశి టోకెన్ల వరుసలో ఆరుగురు చనిపోతే అయిదుగురు స్త్రీలు. అదే సంవత్సరం నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో కార్తీక ఏకాదశి నాడు తొమ్మిదిమంది చనిపోతే ఎనిమిదిమంది స్త్రీలు, ఒకడు పిల్లవాడు.

ఈ లెక్క యాదృచ్ఛికం కాదు. మొక్కుల బరువు ఇంట్లో స్త్రీలదే కాబట్టి వరుసలో ఎక్కువ నిలబడేది వాళ్ళే. చంకలో పిల్ల, చేతిలో సంచి ఉంటే పడిపోయేటప్పుడు చెయ్యి ఊతం ఇవ్వలేదు. పొద్దున్నుంచి ఉపవాసం ఉండి, మరుగుదొడ్డి లేదని నీళ్ళు కూడా తాగకుండా ఉన్న మనిషికి కళ్ళు తిరుగుతాయి. ప్రతిసారీ భక్తుల తొందరపాటు అన్నారు, విధి అన్నారు. దారి ఒక్కటే పెట్టిందెవరు, ఆ రెయిలింగు ఎంత బలమైందో చూడాల్సిందెవరు, ఎంతమంది వస్తారో లెక్క వెయ్యాల్సిందెవరు అని అడగాలి. ఎక్స్‌గ్రేషియా ప్రకటించినంత తొందరగా బాధ్యతను ఎవరూ ప్రకటించలేదు.

తేరుకి ప్రత్యేకంగా ఇంకో ప్రమాదం ఉంది, కరెంటు తీగ. 2022 ఏప్రిల్ 27న తంజావూరు దగ్గర కలిమేడులో తేరు హైటెన్షన్ తీగకు తగిలి 11 మంది చనిపోయారు. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతపూర్‌లో కృష్ణాష్టమి రథం తీగలకు తగిలి అయిదుగురు పోయారు. పెద్ద గుళ్ళ తేర్లకు కొంత ఏర్పాటు ఉంటుంది. మన పల్లెల్లో శ్రీరామనవమికీ, ఊరి జాతరకీ లాగే చిన్న తేర్ల సంగతి ఎవరు చూస్తున్నారు?

వేధింపుల గురించి స్త్రీలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గుంపులో చేతులు ఎక్కడెక్కడ తగులుతాయో పన్నెండేళ్ళ పిల్లకి కూడా తెలుసు. "జాతరన్నాక అంతేలే" అనే మాట ఆ చేతులకి రక్షణ. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 74, 75 సెక్షన్ల కింద ఇది నేరం. ఏ ఊరి స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయించవచ్చు, మన స్టేషన్ పరిధి కాదని పంపెయ్యడానికి వీల్లేదు. కాని ఫిర్యాదు చేసిన పిల్లని మరుసటేడు తేరుకి పంపరని కూడా మనకు తెలుసు. అందుకే ఫిర్యాదు ఒక్క పిల్లది కాకూడదు, సంఘానిది కావాలి.

డబ్బు సంగతి కూడా తప్పదు. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద రాష్ట్రంలో స్త్రీలు పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా అయిదు రకాల ఆర్టీసీ బస్సుల్లో చార్జీ లేకుండా తిరగవచ్చు. ఇది చిన్న సంగతి కాదు. బస్సు చార్జీ అడగాల్సిన పని తప్పితే అడగాల్సిన వాళ్ళలో ఒకరు తగ్గినట్టే. అయితే రాష్ట్రం దాటే బస్సులకి ఇది వర్తించదు, సరిహద్దు అవతలి చెల్లెలికి ఈ వీలు లేదు. జాతర స్పెషల్ బస్సుల సంగతి డిపోలో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. చార్జీ మిగిలింది కదా అని కొత్త బట్టలకీ, అల్లుడి మర్యాదకీ ఫైనాన్సు అప్పు తీసుకోకూడదు. 2010లో వారం వారం కిస్తీల వేధింపు భరించలేక స్త్రీలు ప్రాణాలు తీసుకున్నాక మైక్రోఫైనాన్సు కంపెనీల మీద ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అది మర్చిపోయేంత పాత సంగతి కాదు. దేవుడి మొక్కు తేరుతో తీరిపోతుంది, వడ్డీ తీరదు.

కాబట్టి తేరుకి పోవడానికి సిద్ధపడడం అంటే రొట్టెలు, చట్నీపొడి మూట కట్టుకోవడం ఒక్కటే కాదు. ప్రతి మండల సంఘమూ మాఘమాసం లోపలే ఈ పనులు మొదలుపెట్టాలని మా సూచన.

బ్రహ్మోత్సవాలకు ముందు అధికారులు దేవాదాయ, పోలీసు, మునిసిపాలిటీ, ఆర్టీసీ, విద్యుత్తు, వైద్య శాఖలను కూర్చోబెట్టి సమన్వయ సమావేశం జరుపుతారు. ఆ సమావేశానికి స్త్రీల సంఘాల ప్రతినిధుల్ని, అందులో దళిత స్త్రీల్ని, పిలవాలని ఇప్పుడే వినతిపత్రం ఇవ్వాలి. కమిటీలో మగవాళ్ళే కూర్చుంటే మరుగుదొడ్ల సంఖ్య ఎప్పుడూ చివరి అంశమే అవుతుంది, చివరి అంశం వచ్చేసరికి భోజనాల వేళ అవుతుంది.

మన డిమాండ్లు కచ్చితంగా ఉండాలి. స్త్రీలకు విడిగా, నీళ్ళూ తలుపుగొళ్ళెమూ లైటూ ఉన్న మరుగుదొడ్లు తేరు వీధులకు నడిచి చేరగల దూరంలో ఉండాలి. తాగునీళ్ళు, పిల్లకి పాలివ్వడానికి చాటు, తప్పిపోయిన పిల్లల కోసం మైకు ఉన్న కేంద్రం కావాలి. లోపలికి వచ్చే దారి వేరుగా, బయటికి పోయే దారి వేరుగా ఉండాలి. బారికేడ్లను ఇంజనీరు పరీక్షించి సంతకం పెట్టాలి. తేరు కదిలేముందు దారి పొడుగునా కరెంటు ఆపాలి. మహిళా పోలీసులు బందోబస్తు లెక్కలో ఉంటే చాలదు, జనం మధ్య కనబడాలి. ఈ ఏర్పాట్లకి ఎంత కేటాయించారు, ఎంత ఖర్చు పెట్టారు అని ఉత్సవం అయ్యాక సమాచార హక్కు చట్టం కింద అడగాలి. 2005 నుంచి ఆ హక్కు మన చేతిలో ఉంది.

సంఘం లోపల చేసుకోవలసిన పనులూ ఉన్నాయి. పదిమందికి ఒక జట్టు, జట్టుకొక బాధ్యురాలు, విడిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోవాలి. 112, 181, 1098 నంబర్లు పిల్లలకి కూడా నోటికి రావాలి. జనం బిగుసుకుంటున్నారనిపిస్తే పక్కకి తప్పుకోవాలి, దర్శనం రేపైనా అవుతుంది. ఇంటి దగ్గర ముసలివాళ్ళనీ గొడ్డునీ ఆ ఒక్క రోజు మగవాళ్ళు చూసుకోవాలని ఒప్పించాలి. ఏటా ఒకరే ఇంటి కాపలా ఉండిపోకుండా చూడాలి. ఇంకా ముఖ్యమైంది, పేర్ల జాబితా చదివి వినిపించాలి. భర్త పోయిన వాళ్ళు, దళితవాడ వాళ్ళు, బసివిగా విడిచిన వాళ్ళు, కొడుకు ఒప్పుకోని వాళ్ళు అందులో లేకపోతే, ఎందుకు లేరని అక్కడే అడగాలి. వాళ్ళు రాకుండా ఎవరైనా అడ్డుకుంటే, ఊళ్ళో రాజీ కుదిర్చేముందు చట్టం ఏం చెబుతుందో వినిపించాలి.

ఇవన్నీ చేస్తే తేరు మారిపోతుందా అని అడగవచ్చు. ఒక్క యేడులో మారదు. 1992లో దూబగుంటలో సారా దుకాణం మూయించిన స్త్రీలు రాష్ట్రం మొత్తం మారుతుందని లెక్కలు వేసుకుని బయల్దేరలేదు. తమ ఊరి వీధి తమదే అనుకున్నారు, అంతే. మనం అడుగుతున్నదీ అదే. వీధి దేవుడిదైతే అందరిదీ, మునిసిపాలిటీదైతే మరీ అందరిదీ. ఆ వీధిలో నిలబడి, ఎవరికీ దారి ఇవ్వక్కర్లేకుండా, ఎవరికీ భయపడకుండా తేరు చూసే హక్కు ప్రతి స్త్రీకీ ఉంది. మీ మండలంలో ఈ పని ఎలా మొదలుపెట్టారో, ఎక్కడ అడ్డం తగిలిందో మాకు రాయండి. వచ్చే సంచికలో ఆ ఉత్తరాలు వేస్తాం.